తూర్పు బాల్కనీలో హోయా: ఒక తీగను పూయించే ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి మొదట్లో

హైదరాబాదు తార్నాకలో మాది మూడో అంతస్తు ఫ్లాటు, బాల్కనీ తూర్పు ముఖం. అక్కడ హోయా తీగను పెంచాలి, పూయించాలి. ఈ డైరీ అందుకే. మనీప్లాంటుకైతే డైరీ అక్కర్లేదు, ఎక్కడ పెడితే అక్కడ బతికేస్తుంది. హోయా కూడా బతకడం వరకు పెద్దగా పేచీ పెట్టదు. పూత దగ్గరే అసలు పని. ఆకులతో నిండుగా ఉండి, ఏళ్లు గడిచినా ఒక్క మొగ్గ వేయని హోయాలు నాకు తెలిసిన ఇళ్లల్లోనే ఉన్నాయి.

నేను ఎంచుకున్న రకం హోయా ప్యూబికేలిక్స్. పుట్టిల్లు ఫిలిప్పీన్స్. అడవిలో ఇది చెట్లను పట్టుకుని పైకి పాకుతుంది, కొమ్మల సందుల్లో చేరిన ఎండుటాకుల చెత్తలో వేళ్లు పెట్టుకుంటుంది. వాన పడితే వేళ్లు తడుస్తాయి, ఆ వెంటనే గాలి తగిలి ఆరతాయి. చుట్టూ తేమ మాత్రం ఎప్పుడూ ఉంటుంది. మన దగ్గర వెలుతురు కావలసినంత. లేనిది గాలిలో తేమ, ఉండకూడనిది నీళ్లలో ఉప్పు. హోయా గురించి దొరికే సలహాలు చాలావరకు చలిదేశాల వాళ్లవి కాబట్టి, కిటికీకి దగ్గరగా పెట్టండి, చాలకపోతే లైట్లు పెట్టండి అంటారు. హైదరాబాదులో ఆ బెంగ లేదు. ఇక్కడ కనిపెట్టుకుని ఉండాల్సింది వేళ్లను.

మొక్కను నెక్లెస్ రోడ్డులో నర్సరీ మేళా పెట్టినప్పుడు కొన్నాను. చాలా స్టాళ్లలో గుండె ఆకారంలో ఒకే ఒక్క ఆకును చిన్న కుండీలో గుచ్చి అమ్ముతున్నారు. అది హోయా కెర్రీ. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, వేళ్లు కూడా వేస్తుంది. కానీ ఆకుతోపాటు కణుపు ముక్క లేకపోతే అది ఎప్పటికీ తీగ కాదు, ఆ ఒక్క ఆకుగానే ఉండిపోతుంది. తీగ కావాలనుకునేవాళ్లు డబ్బులిచ్చే ముందు ఆకు కాడ అడుగున కణుపు ఉందో లేదో చూసుకోవాలి. ఎవరికైనా నేను మొదట చెప్పే మాట ఇదే.

ప్యూబికేలిక్స్ కుండీల్లో ఆకులు బాగా నిగనిగలాడుతున్నది పక్కన పెట్టి, కాస్త బక్కగా ఉన్నది తీసుకున్నాను. కారణం దాని మీద కనిపించిన ఒక చిన్న మోడు. ఆకు కాడ పక్కనుంచి అంగుళం పొడుగున బయటికొచ్చి, చివర గరుగ్గా, కణుపులు కణుపులుగా ఉంది. స్టాలు అబ్బాయి కూడా దాన్నే చూపించి, "అక్కా, ఇది ఇదివరకు పూసిన మొక్క, కాడ చూడండి" అన్నాడు. నిజమే. పూలు రాలిపోయాక మిగిలే కాడ అది. మళ్లీ పూత వచ్చేది కూడా అక్కడినుంచే.

ఫిబ్రవరి చివర

కుండీ మార్చాను. వచ్చిన కుండీలో బంకమట్టి గట్టిగా గడ్డకట్టి ఉంది. లారీలో దూరం వచ్చే మొక్కకు ఆ ముద్ద మంచిదే, వేళ్లు కదలవు. ఇంట్లో ఉండే హోయాకు మాత్రం అది ఊపిరాడనివ్వదు. బకెట్టు నీళ్లలో ముద్దను నానబెట్టి, మట్టిని వేళ్లతో మెల్లగా విడదీశాను. లోపల తెల్లగా, గట్టిగా ఉన్న వేళ్లు మంచివి. గోధుమరంగులోకి మారి, పట్టుకుంటే పై తొక్క జారిపోయేవి కుళ్లినవి. వాటిని తీసేశాను.

కొత్త మిశ్రమంలో సగం కొబ్బరి పీచు ముక్కలు. మిగతా సగంలో కోకోపీటు (కొబ్బరి పీచు పొడి), పెర్లైటు (తేలికపాటి తెల్ల గుళికలు), బొగ్గు, గుప్పెడు వర్మీకంపోస్టు. బొగ్గు మా వీధిలో ఇస్త్రీ బండి దగ్గర దొరికింది. "అన్నా, చిన్న ముక్కలు కావాలి, బూడిద వద్దు" అంటే బస్తా అడుగున ఉన్నవి ఏరి ఇచ్చాడు. కాల్చనివే తీసుకోవాలి. కాలిన బొగ్గుతో వచ్చే బూడిదకు క్షారగుణం ఎక్కువ, హోయా వేళ్లకు పడదు.

పీచు ముక్కలు కొబ్బరి బోండాల బండి దగ్గర పడేసిన డొక్కలనుంచి కోసుకున్నవి. కొని తెచ్చుకునే వాటికంటే ఇవి బాగుంటాయి, కానీ పచ్చి డొక్కను అలాగే వాడకూడదు. నీళ్లలో నానబెడితే టీ డికాక్షన్ రంగు దిగుతుంది. ఆ నీళ్లు పారబోసి మళ్లీ నానబెట్టాలి. రంగు పలచబడేదాకా ఇదే పని. రంగుతోపాటు పీచులో ఉన్న ఉప్పు కూడా దిగిపోతుంది.

కుండీ విషయంలో కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. మట్టి కుండీ గాలి ఆడనిస్తుంది, కానీ మే నెలలో పూట తిరిగేసరికి ఎండిపోతుంది. ప్లాస్టిక్ కుండీ తడి నిలుపుతుంది, కానీ ఎండ తగిలితే గోడ వేడెక్కి లోపలి వేళ్లు ఉడికిపోతాయి. అందుకని పక్కల్లో కూడా చిల్లులు పెట్టిన అయిదంగుళాల ప్లాస్టిక్ కుండీని పెద్ద మట్టి కుండీలో దించాను. రెండింటి మధ్య ఇటుక ముక్కలు పోశాను. వాటిని తడిపితే బయటి మట్టి గోడ చల్లగా ఉంటుంది, లోపలి వేళ్లకు అదనపు నీళ్లు అందవు. తీగ పొడుగు చూసి పెద్ద కుండీ పెట్టాలనిపిస్తుంది కానీ వద్దు. వేళ్లు నిండని చోటంతా తడి నిలిచిపోతుంది, కుళ్లు అక్కడే మొదలవుతుంది.

మార్చి

బాల్కనీ గ్రిల్లుకు లోపలివైపు వేలాడదీశాను. పొద్దున లేత ఎండ నేరుగా పడుతుంది, తొమ్మిదిన్నర దాటేసరికి పక్క అపార్టుమెంటు నీడ వస్తుంది. ఆ తర్వాత రోజంతా చీకటేమీ కాదు, వెలుతురే. పుస్తకం పట్టుకుని లైటు వేయకుండా చదువుకోగలిగినంత. కొత్త ఆకులు కొంచెం ఎరుపు తిరిగాయి, పాత ఆకుల మీద వెండి చుక్కలు ఇంకా స్పష్టంగా తేలాయి. ఈ రకానికి ఆ ఎరుపు వెలుతురు బాగా అందుతోందన్న గుర్తు. ఆకు పాలిపోయి, మధ్యలో మాడిన మచ్చ పడితే మాత్రం ఎండ ఎక్కువైనట్టు.

తీగ చివరనుంచి ఆకుల్లేని పొడుగాటి కొమ్మ ఒకటి గాల్లోకి సాగింది. మా పనమ్మాయి చూసి, "ఎండిపోయిందక్కా, కత్తిరించెయ్యనా?" అంది. దగ్గరికి పిలిచి కొస చూపించాను. కొస పచ్చగా, మెత్తగా, కొంచెం వంకీ తిరిగి ఉంది. అది పట్టు కోసం వెతుక్కుంటోంది. ఏదైనా చేతికి దొరికాక వెనకనుంచి ఆకులు వేసుకుంటూ వస్తుంది. ముందు ఆకులు వేసుకుంటే ఆ బరువుకు అంత దూరం సాగలేదు. ఇలాంటి కొమ్మల మీద కూడా పూల కాడలు వస్తాయి కాబట్టి వీటిని కోస్తే ఆ పూత కోసినట్టే.

జింకు పూసిన ఇనుప (జీఐ) తీగతో గుండ్రంగా ఒక వలయం చేసి కుండీలో గుచ్చాను. ఆ కొమ్మను దాని సహజమైన తిరుగుడు ఎటు ఉందో అటే చుట్టాను. వ్యతిరేక దిశలో చుడితే తెల్లారేసరికి విడిపోతుంది. నూలు దారంతో వదులుగా కట్టాను.

ఏప్రిల్

ఈ నెలంతా నీళ్ల మీదే ధ్యాస. హైదరాబాదులో మొక్కలు పెంచేవాళ్లు దీని గురించి ఎంత మాట్లాడుకున్నా తక్కువే.

మా అపార్టుమెంటులో నల్లా నీళ్లు, బోరు నీళ్లు ఒకే సంపులోకి వెళ్తాయి. ఎండాకాలంలో బోరు వాటా పెరుగుతుంది. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే ఆ నీళ్లు 800 చూపించాయి. నల్లా వచ్చే వేళ గేటు దగ్గర నేరుగా పట్టిన నీళ్లు అందులో సగం కూడా లేవు. గులాబీలు, మల్లెలు మట్టిలో ఉంటాయి కాబట్టి కొంత తట్టుకుంటాయి. పీచు ముక్కల్లో పెరిగే హోయాకు ఆ అండ లేదు. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు అక్కడే మిగిలిపోతుంది, పోసిన ప్రతిసారీ ఇంకొంచెం చేరుతుంది. కుండీ అంచున తెల్లటి పొర, ఆకుల కొసలు గోధుమరంగులో మాడటం దాని గుర్తులు.

ఆర్వో ఫిల్టరు వదిలేసే నీళ్లు వృథా కాకుండా మొక్కలకు పోయడం చాలా ఇళ్లల్లో అలవాటు. హోయాకు అవి వద్దు. శుద్ధమైన నీళ్లు మనకిచ్చి, ఉప్పంతా ఆ వదిలేసే నీళ్లలోకే నెడుతుంది ఫిల్టరు. వాటితో బాల్కనీ కడుక్కోవచ్చు. ఏసీనుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి ఆ బకెట్టు హోయాకే కేటాయించాను. అది చాలనప్పుడు నల్లా నీళ్లు. నెలకొకసారి కుండీని సింకులో పెట్టి, అడుగునుంచి ధారగా కారిపోయేదాకా ఇవే నీళ్లు పోస్తాను. చేరిన ఉప్పు దాంతో కొట్టుకుపోతుంది.

బియ్యం కడుగు పోయమని పక్కింటి పిన్నిగారు చెప్పారు. మట్టి కుండీల్లో మొక్కలకు నేనూ పోస్తాను. పీచు ముక్కల మధ్య మాత్రం ఆ గంజి పులిసి వాసన వస్తుంది, చిన్న ఈగలు చేరతాయి. దీనికి లీటరు నీళ్లలో అర గ్రాము 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది) కలిపి, పెరుగుదల ఉన్న నెలల్లో రెండు వారాలకోసారి ఇస్తే చాలు.

ఎప్పుడు పోయాలి అన్నదానికి వారం లెక్క పెట్టుకోలేదు. ముదురు ఆకును రెండు వేళ్ల మధ్య పట్టుకుని నెమ్మదిగా వంచి చూస్తాను. గట్టిగా ఉండి వంగనంటే లోపల నీళ్లున్నాయి. మెత్తగా మడత పడితే దాహం. ఒక్క జాగ్రత్త: కుండీ తడిగా, బరువుగా ఉండి కూడా ఆకు మెత్తగా ముడతలు పడుతుంటే అది దాహం కాదు, వేళ్లు పాడయ్యాయని. అప్పుడు నీళ్లు పోస్తే మొక్క దక్కదు. అందుకే ఆకు వంచి చూసే చేత్తోనే కుండీ ఎత్తి బరువు చూడటం అలవాటు చేసుకున్నాను.

రోహిణి కార్తె

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఎండ 42 డిగ్రీలకు చేరింది, మధ్యాహ్నం బాల్కనీ తలుపు తీస్తే మొహానికి సెగ కొడుతోంది. ఆకులు లోపలికి ముడుచుకుంటున్నాయి. ఈ వేడిలో హోయా పెరగదు, ఉన్నదాన్ని కాపాడుకుంటుంది.

మొక్కను హాల్లోకి మార్చాను, తూర్పు కిటికీ పక్కన, కూలరు ఉన్న గదిలోనే. మా కూలరుకు వట్టివేళ్ల తడికెలు. తడి గాలి గదంతా తిరుగుతుంది, హోయాకు కావలసింది సరిగ్గా అదే. కూలరు గాలి నేరుగా ఆకుల మీద కొట్టకుండా పక్కకు పెట్టాను. ఏసీ గదిలో పెట్టడం నాకు ఇష్టం లేదు, ఏసీ గాలిలో ఉన్న తేమను కూడా లాగేస్తుంది. నీళ్లు సాయంత్రం, చల్లబడ్డాకే. ఎరువు పూర్తిగా బంద్.

మృగశిర దాటాక

వానలు పడ్డాయి. తొలి జల్లులు మిద్దె మీది దుమ్మును కడుక్కుని వస్తాయి కాబట్టి వాటిని వదిలేసి, తర్వాతి వాననుంచి బకెట్లు పెట్టి పట్టాను. మీటరు పెడితే ఆ నీళ్లలో దాదాపు ఏమీ లేదు. మొక్క బాల్కనీలోకి వెళ్లిపోయింది, కొత్త ఆకులు జంటలు జంటలుగా వస్తున్నాయి. వాన నేరుగా రోజూ పడకుండా సన్‌షేడ్ కిందికి జరిపాను.

శ్రావణం

పేనుబంక పట్టింది. లేత కొసల మీద పసుప్పచ్చని పురుగులు, కాళ్లు నల్లగా. మా వీధి చివర ఖాళీ ప్లాటులో జిల్లేడు పొదల మీద వీటినే చూశాను. ఇవి జిల్లేడు, గన్నేరు వంటి మొక్కలను వెతుక్కుని పట్టే పురుగులు. హోయా కూడా ఆ కుటుంబానిదే, వాటిలాగే దీని ఒంట్లోనూ పాలుంటాయి.

మొదట నీళ్లు గట్టిగా చల్లి కడిగేశాను. సగం పోయాయి. మిగిలిన వాటికి లీటరు నీళ్లలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి, పొద్దుగూకాక ఆకుల కింద కూడా తడిసేలా కొట్టాను. ఎండలో కొడితే నూనె పొరతో ఆకు మాడుతుంది. ఒక కొస మీద అక్షింతల పురుగు కనిపించింది, పేనుబంకను తినేది అదే. ఆ కొసను మాత్రం మందు కొట్టకుండా వదిలేశాను.

ఆకు కాడల సందుల్లో దూదిలా తెల్లగా పిండినల్లి కూడా కొంచెం ఉంది. దాన్ని స్పిరిట్‌లో ముంచిన దూది పుల్లతో తుడిచాను. చీమలు ఎక్కకుండా కొక్కేనికి వాసెలిన్ రాశాను. ఈ పురుగులు విసర్జించే తీపి కోసం చీమలు వాటిని కాపాడతాయి, ఒక కొసనుంచి ఇంకో కొసకు మోసుకెళ్తాయి. చీమల దారి మూయకుండా ఎంత మందు కొట్టినా ఫలితం నిలవదు.

డిసెంబరు

రాత్రి 13 డిగ్రీలు. నీళ్లు బాగా తగ్గించాను, ఎరువు లేదు. మిశ్రమం పూర్తిగా ఆరాక, ఆకు మెత్తబడుతోందనిపించినప్పుడే పొద్దున పూట కాసిని. సూర్యుడు దక్షిణానికి జరిగాడు కాబట్టి ఎండ బాల్కనీలో ఇంకో మూలకు పడుతోంది. కుండీని ఆ మూలకే మార్చాను.

మార్చి

మొగ్గలు! కొన్ననాడు చూసిన ఆ పాత మోడు చివరనే. ఆవగింజంత పచ్చటి బుడిపెలు గుంపుగా వచ్చాయి. వారం తిరిగేసరికి ఒక్కోదానికి సన్నని తొడిమ వచ్చింది, మొత్తం ఒక గుత్తిగా కిందికి వంగింది. ఆ వలయం మీద ఆకుల్లేకుండా సాగిన కొమ్మకు కూడా కొత్త కాడ ఒకటి పుట్టింది.

ఇప్పుడు కుండీని కదపకూడదు. వెలుతురు వచ్చే దిక్కు మారినా, ఒక్కసారి బాగా ఎండినా మొగ్గలు పసుపుబారి రాలిపోతాయి. పండగ శుభ్రానికి బాల్కనీ కడిగేటప్పుడు కూడా దాన్ని అక్కడే ఉంచి చుట్టూ కడిగాం. నీళ్ల విషయంలో ఈ నెల ఆకు మెత్తబడేదాకా ఆగడం లేదు.

ఏప్రిల్

పూసింది. మధ్యాహ్నం ఉబ్బి ఉన్న మొగ్గలు రాత్రికి విచ్చుకున్నాయి. ముదురు గులాబీ రంగు, రేకుల మీద సన్నని నూగు, మధ్యలో మైనంతో పోతపోసినట్టు నక్షత్రం.

అత్తయ్య కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఏమ్మా, ఇది జిల్లేడు పువ్వులా లేదూ? మధ్యలో ఆ కిరీటం అచ్చం అదే" అన్నారు. "అవునత్తయ్యా, రెండూ ఒక్క కుటుంబమే" అని కింద ప్లాటులోంచి ఒక జిల్లేడు పువ్వు తెచ్చి పక్కపక్కన పెట్టి చూపించాను. అయిదు రేకులు, మధ్య అయిదు భాగాల కిరీటం. మామూలు పూలలో పుప్పొడి పొడిలా రాలుతుంది. ఈ రెండింటిలోనూ అది మైనం ముద్దలా గట్టిపడి, రెండేసి జతగా ఒక చిన్న కొక్కేనికి అతుక్కుని ఉంటుంది. పురుగు కాలు ఆ సందులో ఇరుక్కుని బయటికి లాగినప్పుడు జత మొత్తం దానితో వెళ్తుంది. సూది మొనతో ఒకటి బయటికి తీసి భూతద్దం కింద చూపిస్తే అత్తయ్య "ఎంత పని పెట్టుకుందమ్మా ఇంత పువ్వులో!" అన్నారు.

ఈ ప్రజాతికి హోయా అని పేరు పెట్టింది రాబర్ట్ బ్రౌన్, 1810లో. నీళ్లలో పుప్పొడినుంచి వెలువడిన రేణువుల కదలికను గమనించిన బ్రౌన్ ఆయనే, స్కూల్లో బ్రౌనియన్ చలనం అని చదువుకున్నాం. లండన్ దగ్గర సయన్ హౌస్‌లో తోటల పని చూసిన థామస్ హోయ్ అనే తోటమాలి పేరిది. ఏడాదంతా వేళ్లు, నీళ్లు చూసుకున్నాక, ఒక తోటమాలి పేరు ఇలా నిలవడం నాకు చాలా సంతోషం అనిపిస్తుంది. మన పశ్చిమ కనుమల్లో సహజంగా పెరిగే హోయాలు కూడా ఉన్నాయి. మద్రాసులో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ వైట్ పేరుతో హోయా వైటీ అనే జాతి ఉంది. తర్వాత పెంచాలనుకుంటున్నది అదే.

పగలు ముక్కు ఆనించినా వాసన లీలగానే ఉంది. రాత్రి భోజనాలయ్యాక బాల్కనీ తలుపు తీస్తే హాలంతా తియ్యటి ఘాటు. తేనె బొట్లు కిరీటం మీద చేరి కింద టైల్సు మీద పడుతున్నాయి, తడిగుడ్డతో తుడుచుకోవాలి. కొక్కేనికి వాసెలిన్ మళ్లీ రాశాను.

రెండోనాడు పొద్దున అత్తయ్య పూజకు పూలు కోయబోయారు. మన ఇళ్లల్లో పూసిన పువ్వు దేవుడికి పెట్టకుండా ఉండటం కష్టం, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. అయితే గుత్తిని కాడతో సహా విరిస్తే ఆ చోట పూత పోయినట్టే, మొక్క మళ్లీ కొత్త కాడ వేసుకోవాలి. రాలాక ఏరి పెడదామంటే, నేల మీద పడినవి పెట్టగలిగేది పారిజాతాలే. చివరికి ఇద్దరం కలిసి దారి చూసుకున్నాం. గుత్తిలోంచి ఒక్కో పువ్వును దాని సన్నని తొడిమతో గోటితో తెంపితే అసలు కాడకు ఏమీ కాదు. తెంపిన చోట పాలచుక్క వస్తుంది, కంట్లో పడకుండా చెయ్యి కడుక్కోవాలి. రోజూ రెండు పూలు దేవుడికి, మిగతావి తీగ మీదే.

మే మొదట్లో

పూలన్నీ రాలిపోయాయి. పాత కాడ అలాగే ఉంది, చివర ఇంకొంచెం పొడుగైంది. దాని పక్కన ‘కోయవద్దు’ అని చిన్న చీటీ కట్టాను, ఇంట్లో అందరికీ తెలియడానికి.

పక్కింటి పిన్నిగారు ఒక కొమ్మ అడిగారు. ఈ ఎండల్లో కోస్తే వేళ్లు పట్టడం కష్టమని, వానలు పడ్డాక ఇస్తానని చెప్పాను. రెండు కణుపులున్న ముక్క, కింది కణుపు ఆకులు తీసేసి, కారే పాలను నీళ్లతో కడిగి, కోసిన చోట ఆరనిచ్చి, తడి కోకోపీటులో గుచ్చి పైన పాలిథీన్ కవరు కప్పాలి. ఆమె కోసం డొక్కలు కోసి నానబెట్టడం ఈలోపే మొదలుపెట్టాను. ఆమె బాల్కనీ పడమటి ముఖం, మధ్యాహ్నం ఎండ నేరుగా కొడుతుంది. కాబట్టి ముందు అక్కడ సగం ఎండను ఆపే షేడ్ నెట్ కట్టించాలి, కొలతలు నిన్న తీసుకున్నాం.